నోరు మూయించే మందు

దక్షిణ కొరియా నుంచి, 2007 చలికాలం

అక్క సుంకమ్మకు, చెల్లెలు లచ్చిమి నీ కాళ్లకు మొక్కి రాసుకునే సంగతులు.

నేను ఈడ బాగుండా. నా గురించి ఏం దిగులు పెట్టుకోవాకు. నువ్వు, బావ, బిడ్డ శిరీష ఎట్లుండారు? నువ్వు బాగుండావా అని అడగనీకి ఈసారి చెయ్యి ఆడ్తా లేదు. అయినా అడుగుతాండా. బాగుండావా అక్కా? అన్నం తింటాండావా? రాత్రిపూట నిద్ర పడ్తాండాదా?

మొన్న నీ అంతట నువ్వే ఫోన్ చేస్తివి గదా, ఆ గొంతు ఇంకా నా చెవులోనే ఉండాది. లైను యాడ తెగిపోతాదో అని చెప్పాల్సినవి సగం మింగేసినా. అవన్నీ ఇందులో రాస్తాండా. పొడుగైతాదేమో, ఓపిక చేసుకొని చదువు.

ఈడ చలి శానా ఎక్కువైంది. పొద్దున లేసి చూస్తే కిటికీ అద్దం మీద మంచు ముగ్గులేసినట్టు ఉంటాది. నువ్వు పంపించిన ఉన్ని శాలువ ఆఫీసులో గూడ కప్పుకుంటాండా, ఎవరేమనుకున్నా సరే. ఈ దేశంలో ఇండ్లకు నేల కింద వేడినీళ్ల గొట్టాలు పోతాయి. నేలంతా వెచ్చగా ఉంటాది. మంచం తీసేసి బొంత పరుచుకొని పండుకుంటాండా. మన ఊర్లో బండల నేల మీద చల్లదనం కోసం పండుకుంటాము, ఈడ వెచ్చదనం కోసం. బావకు చెప్పు, నవ్వుతాడు. తిండికి కొదవ లేదు. క్యాబేజీ మాదిరి ఆకుకు ఎర్రకారం పూసి ఊరబెట్టి దినామూ పెడ్తారు. ఇది కారం, జాగ్రత్త అని నాకు చెప్తారు. నాకు తియ్యగా ఉంటాది. నువ్వు వేరుశనగలు వేయించి దంచి కట్టిచ్చిన బుడ్డల పొడి అయిపోయి శానా దినాలైంది. డబ్బా మాత్రం కడగలేదు, మూత తీసి వాసన చూసి మల్ల మూత పెడ్తా.

తెలుగు మాట్లాడేవాళ్లు మా బిల్డింగులో ఎవరూ లేరు. ఒక్కోసారి వారమంతా నోట్లో నుంచి మన మాట రాదు. అప్పుడు పనిచేసుకుంటా నాలో నేనే మాట్లాడుకుంటాండా. నా పక్కన పనిచేసే పిల్ల సుజిన్ అని ఉండాది. నాకంటే చిన్నది, మంచిది. నేను గొణుగుతాంటే పాట పాడుతాండానేమో అనుకుంటాది.

ఇంక నా పని సంగతి. నీకు ఎప్పుడూ సరిగ్గా విడమర్చి చెప్పలేదు. మన ఊర్లో చాటింపు వేస్తారు గదా, అట్ల అనుకో. హుకుం పెద్దమనిషి ఇంట్లో పుడ్తాది. దాన్ని తప్పెట కొట్టుకుంటా వీధివీధికీ మోసేది ఇంకొకడు. మన ఒంట్లో కణాలు గూడ అంతే. జన్యువు లోపల కూర్చోని ఉంటాది. అది చెప్పే మాటను ఆర్ఎన్ఏ అనేది బయటికి మోస్తాది. క్యాన్సర్ కణంలో ఒక జన్యువు "పెరగండి, సావొద్దండి" అని చెప్తానే ఉంటాది. మేము చేసేదేందంటే, చిన్న చిన్న ఆర్ఎన్ఏ తునకలు తయారుచేసి లోపలికి పంపిస్తాము. అవి పోయి ఆ చాటింపువాణ్ణి దోవలోనే పట్టుకొని తుంచేస్తాయి. జన్యువు అట్లే ఉంటాది, దాని మాట మాత్రం ఎవరికీ ఇనపడదు. ఇంగ్లీషులో దీన్ని జన్యువు నోరు మూయించడం అన్నట్టే అంటారు.

పోయినేడు ఈ సంగతి కనిపెట్టిన ఇద్దరికి నోబెల్ బహుమానం వచ్చిందని పేపర్లో పడితే శిరీష నీకు చదివి వినిపించింది గదా. బావ బండల పాలిష్ ఫ్యాక్టరీలో అందరికీ చెప్పుకున్యాడంట, మా మరదలు క్యాన్సర్ నోరు మూయించే మందు చేస్తాండాదని. అప్పుడు విని నవ్వుకున్యా. సంతోషపడినా గూడ.

నేను పెంచే కణాలు ఒకామెవి అక్కా. ఎవరో తెల్లామె. శానా ఏండ్ల కింద రొమ్ము క్యాన్సర్‌తో సచ్చిపోయింది. ఆమె ఒంట్లో నుంచి తీసినవి ఇంకా బతికే ఉండాయి. దేశదేశాలకు పోయినాయి. సీసా మీద అక్షరాలు, నంబరు ఉంటాయి, ఆమె పేరు ఉండదు. మనిషి ఒంటి వేడి ఎంతుంటాదో అంతే వేడి ఉండే పెట్టెలో పెడ్తాము. ఎర్రగా ఉండే నీళ్లు పోస్తాము. వాటికి తిండి అదే. ఎక్కువ పెరిగితే ఆ నీళ్లు పసుపురంగుకు తిరుగుతాయి. అప్పుడు పాత నీళ్లు తీసేసి కొత్తవి పోయాల. పండగైనా ఆదివారమైనా పోయి చూసి రావాల. మొదట్లో అవి నాకు కణాలు మాత్రమే. ఎప్పుడు మారిందో తెలీదు, ఒక దినం పెట్టె తలుపు తీసి వెచ్చని గాలి మొగానికి తగలంగానే అమ్మ గుర్తుకొచ్చింది.

అమ్మ ఆఖరి నెలలు నీకు చెప్పాల్సిన పని లేదు. నేను కర్నూల్లో హాస్టల్లో ఉండి చదువుకుంటాంటి. నువ్వు ఇంట్లో ఉండి చూసుకున్యావు. అమ్మ బండల గనిలో పనికి పోయినన్ని దినాలు రవిక లోపల వేపాకు ముద్ద పెట్టుకొని కట్టు కట్టుకొని ఎవరికీ చెప్పకుండా తిరిగింది. తెలిసేటప్పటికి చెయ్యంతా వాచిపోయింది. ఆఖరున గొంతు గూడ పోయె. నేను వచ్చినప్పుడు నోరు తెరిచి నాతో ఏందో చెప్పింది, నాకు అర్థం కాలేదు. నీకే అర్థమయ్యేది. దాహమైతే కండ్లు ఒక పక్కకు తిప్పేది, నొప్పి అయితే ఇంకో పక్కకు. అడగకముందే నువ్వు చెంబు అందిస్తాంటివి.

కణాలు పెంచే గదిలో గాలి తిరిగే మిషను ఒకటి ఎప్పుడూ మోగుతా ఉంటాది. ఆ మోతలో నాకు అమ్మ మూలుగు ఇనపడ్తాండాది అక్కా. చదువుకున్నదానివి, సైన్సు చెప్పేదానివి, ఇదేంది అనుకుంటావేమో. ఒక దినం వెనక్కి తిరిగి "ఏమ్మా?" అని గట్టిగానే అడిగినా. సుజిన్ చెయ్యి ఆపేసి నన్నే చూసింది. దానికి ఏం చెప్పాలో తెలీక, మిషను మోత ఎక్కువైందా అని అడిగినట్టు సైగ చేసినా. అది పోయి మిషను చూసొచ్చి బాగానే ఉండాది అనింది.

ఉగాదికి నీతో మాట్లాడినప్పుడు అంత సంతోషంగా ఉన్నది యాలంటే, ఆ వారమే మా తునకలు పనిచేసినాయి. ఆ జన్యువు మాట పడిపోయింది. గాజు పళ్లెం అడుగున గట్టిగా కర్సుకొని ఉండే కణాలు గుండ్రంగా ముడుచుకొని, పట్టు వదిలేసి, పైకి తేలినాయి. సూక్ష్మదర్శినిలో చూసి నేను సుజిన్ చేతులు పట్టుకున్యా. సచ్చిపోయినాయక్కా అని నీతో చెప్పినా. నువ్వు "మన అమ్మను తిన్నది కూడా సచ్చింటాది అయితే" అన్నావు.

నేను చూసిందే చెప్పినా. ఆ తర్వాత చూసింది నీకు చెప్పనే లేదు. వారం పైన అయినంక పళ్లెంలో అంచున అక్కడక్కడ మిగిలిన కణాలు మల్ల కర్సుకున్యాయి. మల్ల పెరిగినాయి. మేము పంపించిన తునకలు కొద్ది దినాలే పనిచేస్తాయి. అవి అయిపోతానే చాటింపు మల్ల మొదలు. నీళ్లు మల్ల పసుపురంగుకు తిరిగినాయి. ఎవరో తలుపు కొట్టి, లేరేమో అని వెళ్లిపోయి, మల్ల వచ్చి కొట్టినట్టు అనిపించింది.

అయినా మా పెద్దసారు ధైర్యం చెప్పినాడు. ఆయన వయసైన మనిషి, మాట తక్కువ. ఎలుకల్లో చూద్దాము అన్నాడు. ఎలుకలకు ఆ తెల్లామె కణాలతోనే గడ్డలు పెంచి, తోక నరంలో నుంచి మందు ఎక్కించినాము. గడ్డ దాకా పోనే పోలేదు. సగం నెత్తుట్లోనే కరిగిపోయె, మిగిలింది కాలేయంలో చేరె. గడ్డలు తగ్గలేదు. ఎండాకాలమంతా రకరకాల కొవ్వుల్లో చుట్టి మల్ల మల్ల చేసినాము. ఒకటి రెండు ఎలుకల్లో కొంచెం తగ్గినట్టే తగ్గి ఆగిపోయింది. నాకు తెలిసి ఈ పద్ధతి మనుషుల్లో ఇప్పుడిప్పుడే కంటి జబ్బుకు పరీక్షిస్తాండారు. మన అమ్మకొచ్చిన జబ్బుకు ఇంకా శానా దూరం ఉండాది.

ఈడ ఒక ఆచారం చూసినా అక్కా. ఎలుకలుండే బిల్డింగు వెనక ఒక రాయి నిలబెట్టి ఉండాది. ఏడాదికోసారి పని ఆపేసి అందరూ ఆ రాయి ముందర చేరతారు. పండ్లు, బియ్యప్పిండితో చేసిన తినుబండారాలు, ఎలుకలు తినే మేత గూడ పెడ్తారు. మన కోసం పానాలిచ్చినాయి అని పెద్దసారు కాగితం చూసి చదువుతాడు. అందరూ వంగి మొక్కుతారు. మనం పెద్దలకు పెట్టుకుంటాము గదా, అచ్చం అట్లే. చలిగాలికి కండ్లల్లో నీళ్లొచ్చినాయన్నట్టు తుడుచుకున్యా. అందరి పండ్ల పక్కన నేను రెండు పండ్లు వేరేగా పెట్టినా. సుజిన్ ఎవరికి అని అడిగింది. ఒకటి మా అమ్మకు అన్నా. ఇంకోటి ఎవరికో చెప్పబోతే పేరు తెలీదు. ఇన్నేండ్లు ఆమెకు తిండి పోసినా, ఆమె పేరు నాకు తెలీదు.

ఆ వారంలోనే బావ ఫోన్ వచ్చింది. నాకు మధ్యాన్నం, మీకి పొద్దున. ఫ్యాక్టరీలో నుంచే చేసినాడు, బండలు కోసే మిషను మోతలో మాట సగం ఇనపడ్లేదు. పక్కకు రాప్పా బావా అన్నా. పక్కకొచ్చినంక ఆయన ఏడ్చినాడు. బావ ఏడ్చింది నేను ఎప్పుడూ ఇనలేదు. నీ ఎడమ రొమ్ములో గడ్డ ఉండాదని, ఉసిరికాయంత అయిందని, కర్నూల్లో డాక్టరమ్మ సూది పెట్టి పరీక్ష చేసి తొందరగా కోయాల అనిందని చెప్పినాడు. నువ్వేమో ఒప్పుకోలేదంట. "మా చెల్లెలు మందు పంపిస్తాది, అది వచ్చినంక చూద్దాము" అంటాండావంట.

నేను కుర్చీలో కూర్చోలేకపోయినా. వరండాలోకి పోయి నిలబడినా. సుజిన్ వచ్చి కోటు కప్పింది. అప్పుడే నీకు ఫోన్ చేసినా. మనం మాట్లాడుకున్నది నీకు గుర్తుండాదో లేదో, నాకు ఒక్క మాట గూడ మరుపుకు రాలేదు.

"అక్కా, ఆ మందు లేదు" అన్నా.

"ఉండాదని నువ్వే చెప్తివి గదా."

"గాజు పళ్లెంలో ఉండాది. మనుషులకిచ్చేది లేదు."

"నాకిచ్చి చూడు. నేను సచ్చిపోయినా నీ మీద మాట రానియ్యను. కాగితం రాసిమ్మన్నా రాసిస్తా."

 ఎలుకల సంగతి చెప్పినా. నీ ఒంట్లోకి ఎక్కిస్తే అది గడ్డ దాకా పోదని, దోవలోనే కరిగిపోతాదని చెప్పినా.  "అయితే కోయించుకోమంటావా?" అని అడిగినావు. కోయించుకో అన్నా.

"అమ్మకు కోసింటే బతికేదా?"

"తెలీదక్కా. కోయకుంటే ఏమైందో మాత్రం మనిద్దరం చూసినాము."

నువ్వు ఫోన్ పెట్టేసినావు.

ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా శిరీషనే ఎత్తింది. అమ్మ స్నానం చేస్తాంది, అమ్మ పక్కింటికి పోయింది, అమ్మ పండుకుంది అని చెప్తాంటే ఆ బిడ్డ గొంతులో అబద్ధం నాకు తెలుస్తానే ఉండె. నేను పనికి పోతాంటి, వస్తాంటి. పెట్టె తలుపు తెరవాలంటే చెయ్యి వచ్చేది కాదు. ఆ మోతలో ఇప్పుడు అమ్మ ఒక్కతే కాదు, ఇంకొకరు గూడ ఉండారనిపించేది. ఎవరో చెప్పుకునే ధైర్యం లేకపోయె. ఒక దినం కణాలకు నీళ్లు మార్చకుండా వదిలేసి బయటికొచ్చేసినా. మొత్తం సావనీ అనుకున్యా. సుజిన్ చూసి నా బదులు మార్చింది. పెద్దసారు పిలిచి ఏమైందని అడిగితే, నాకొచ్చిన ముక్కలు ముక్కల కొరియా భాషలో చెప్పినా. ఆయన, తన భార్య గూడ అదే జబ్బుతో పోయిందని, అందుకే ఈ పనిలోకి వచ్చినానని చెప్పినాడు. ఇంటికి పోయి రా, ఈ పెట్టె నేను చూసుకుంటా అన్నాడు.

అప్పుడు నీ ఫోన్ వచ్చె. హలో అనకుండానే "మే లచ్చిమీ, కోయించుకుంటా" అన్నావు.

ఎవరు చెప్పినా వినని దానివి ఎట్ల ఒప్పుకున్యావు అని అడిగితే నువ్వు చెప్పిన మాట నేను దినామూ తలుచుకుంటాండా. "నిన్న మంచం మీద పండుకోని ఉంటే శిరీష నేను అడగకముందే చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది. నా కండ్లల్లోకి చూసి తెచ్చిచ్చింది. అమ్మ దగ్గర నేను చేసిన పనే. పదేండ్ల పిల్లకు ఈ పని నేర్పియ్యకూడదు అనుకున్యా."

నేను ఏడుస్తాండా అని నీకు తెలీకూడదని ఫోన్ దూరం పెట్టుకున్యా. నీకు తెలిసే ఉంటాది.

ఆ తర్వాత ఇంకోటి అడిగినావు. కోసిన గడ్డను ఏం చేస్తారు అని. పరీక్షకు పంపిస్తారు అన్నా. "మీ మాదిరి వాళ్లు పెట్టెలో పెట్టి పెంచుతారా?" అన్నావు. అన్నిటినీ కాదు, యాడో ఒకచోట, మనిషిని అడిగి తీసుకుంటారు అన్నా. "అడిగితే ఇచ్చేస్తా. ఇంకో ఆడబిడ్డకు పనికొస్తే రానీ. కానీ నంబరు రాయొద్దను. సుంకమ్మ అని రాయమను" అన్నావు. అట్ల పేరు రాయరు, అది పద్ధతి కాదు. ఆ మాట నీకు చెప్పలేకపోయినా. సరే అక్కా అన్నా.

ఇప్పుడే వచ్చేస్తా అంటే, "ఇప్పుడొచ్చి ఏం చేస్తావు, కోసేది డాక్టరమ్మ గదా. సూదులు మొదలైతే వెంట్రుకలు రాలిపోతాయంట, అప్పుడు రా" అన్నావు. టిక్కెట్టు తీసుకున్యా. మొదటి సూదికి నీ పక్కన ఉంటా. నా పనిలో ఆ సూదిమందులు కణాల మీద పోసి శానా చూసినా. అవి కష్టమైనవే, కానీ నిజమైన మందులు. కోసిన తర్వాత వాటిని మానొద్దు. వాంతులైతే, నోట్లో పుండ్లైతే డాక్టరమ్మకు చెప్పాల, దాచుకోవద్దు. అమ్మ మాదిరి దాచుకోవద్దు. ఎవరైనా చెట్టుమందు అనో, పసరు తాగమనో వచ్చి చెప్తే తలుపు వేసుకో. నా పేరు చెప్పి ఏదైనా అమ్మనీకి వచ్చినా నమ్మొద్దు. నేను చేసే మందు ఇంకా రాలేదు. వచ్చే దినం ఒకటి ఉంటాదని నమ్మే నేను మల్ల ఈ దేశానికి వచ్చి ఆ పెట్టె తలుపు తెరుస్తా. నువ్వు దాని కోసం ఆగొచ్చు అనేటంత తొందరలో మాత్రం అది రాదు.

బావను బండల దుమ్ములో మొగానికి గుడ్డ కట్టుకోమను. వంటకు వారం పది దినాలు పక్కింటి ఈరమ్మత్తను రమ్మని నేనే ఫోన్ చేసి అడుగుతా, నువ్వు మొహమాటపడొద్దు. ఎడమ చేత్తో నీళ్ల బిందె ఎత్తొద్దు. శిరీషను బడి మానిపియ్యొద్దు, ఏం జరిగినా సరే. దానికి ఈడి రంగుపెన్సిళ్లు తెస్తాండా. నాకు బుడ్డల పొడి ఏం చేసి పెట్టొద్దు, ఈసారి నేనొచ్చి దంచి నీకు పెడ్తా. ఈరమ్మత్తకు, ఫ్యాక్టరీలో బావను కనిపెట్టుకొని ఉండే పెద్దాయనకు నా దండాలు చెప్పు. బావకు నమస్కారాలు. శిరీషకు ముద్దులు. నా తలమీద చెయ్యి పెట్టి దీవించినట్టు మనసులో అనుకో, నాకు అందుతాది.

ఈ ఉత్తరం మీ ఇంటికి చేరేసరికి నీకు ఆపరేషన్ అయిపోయి ఉంటాది. ఏమయ్యిందో నాకు ఫోన్లో ముందే తెలుస్తాది, కానీ రాస్తాండే ఈ పూటకి తెలీదు. అందుకే ఒక్కటి అడుగుతాండా అక్కా. బావ చదివి వినిపిస్తానంటాడు, శిరీష చదువుతానంటాది. ఇయ్యొద్దు. దిండుకు ఆనుకోని కూర్చొని, కండ్లద్దాలు పెట్టుకొని, నువ్వే చదవాల.

నీ చెల్లెలు
లచ్చిమి